తెడ్డు పట్టుకుని నారాయణఖేడ్‌కి

నారాయణఖేడ్ వెళ్లొచ్చామంటే మా కాలేజీలో ప్రతి ఒక్కరూ ముందు అడిగింది, "అక్కడ నీళ్లెక్కడున్నాయి?" అని. అడగాల్సిన మాటే. నస్రీన్, నేను హైదరాబాద్‌లో ఒక ఆడపిల్లల కాలేజీలో పడవ పందేల జట్టుకి అసిస్టెంట్ కోచ్‌లం. నీళ్లు లేని చోట మాకు పనేం ఉంటుంది?

అసలు అసిస్టెంట్ కోచ్ అంటే ఎవరో ముందు చెప్పాలి. హెడ్ కోచ్ సారు మోటారు పడవలో నిలబడి మైకు పట్టుకుంటారు. మిగిలినవన్నీ మేం పట్టుకుంటాం. పడవలు మోస్తాం, తెడ్లు కడుగుతాం, పిల్లల అరచేతుల్లో బొబ్బలకి పట్టీలు వేస్తాం. గెలిస్తే ఫొటోలో వెనక వరసలో నిలబడతాం, ఓడితే ముందు వరసలో.

ఈసారి ఫొటో దాకా వచ్చేలా లేదు. పోటీలు ఇంకా మూడు వారాలున్నాయనగా మా నలుగురి పడవలో ముఖ్యమైన పిల్ల సునీత దసరా సెలవులకి ఇంటికెళ్లి, తిరిగి రాలేదు. మిగతా ముగ్గురూ ఎవరి ఊపు చూసి తెడ్డు వేస్తారో ఆ సీటు ఆమెది. ఫోన్ స్విచాఫ్. ఊరు నారాయణఖేడ్ మీదుగా వెళ్లి కంగ్టి దాటాక, కర్ణాటక సరిహద్దు పక్కన. ఈ పోటీల్లో పతకం రాకపోతే జట్టు ఉంచాలా తీసేయాలా అని మేనేజ్‌మెంట్ ఆలోచిస్తోందని సారు చెప్పారు. జట్టు లేకపోతే మా ఇద్దరి కాంట్రాక్టులూ ఉండవని ఆయన చెప్పలేదు కానీ, మా ఇద్దరికీ వినిపించింది.

"వెళ్లి ఆ అమ్మాయిని తీసుకురండి. ఒక తెడ్డు కూడా పట్టుకెళ్లండి," అన్నారు సారు. "తెడ్డెందుకు సార్?" అన్నాను. "నారాయణఖేడ్ జూనియర్ కాలేజీలో సెలక్షన్ క్యాంపు పెట్టండి. లేకపోతే మీ ప్రయాణానికి అనుమతి రాదు."

అలా పన్నెండడుగుల చెక్క తెడ్డుతో బయల్దేరాం.

బస్సులో

నాది కోనసీమ. మా వైపు కొత్తవాళ్లని "ఏవండీ" అని పిలవడం మర్యాద. బస్సెక్కగానే కండక్టర్‌ని, "ఏవండీ, దీన్నెక్కడ పెట్టమంటారు?" అనడిగాను. బస్సంతా గొల్లుమంది. కండక్టర్ సిగ్గుపడి టోపీ సర్దుకున్నాడు. నస్రీన్ నన్ను మోచేత్తో పొడిచి, "అక్కా, ఇక్కడ మొగుణ్ణి గూడ ఎవ్వరు గట్ల పిలవరు," అంది. ఆమె పుట్టింది, పెరిగింది హైదరాబాద్‌లోనే. ఈ ప్రయాణంలో నాకు దుబాసీ.

"గిదేంది?" అన్నాడు కండక్టర్ తేరుకుని.

"తెడ్డండి."

"తెడ్డా? ఎవలింట్ల పెండ్లి?"

ఈ వైపు తెడ్డంటే వంట గంజులో, అంటే పెద్ద గిన్నెలో, కలిపేదే. మా వైపూ అంతేననుకోండి, కానీ గోదారి పక్కన పుట్టినవాళ్లకి పడవే ముందు గుర్తొస్తుంది. వెనక సీటులోంచి ఒక పెద్దమనిషి లేచొచ్చాడు. పెళ్లిళ్లకి బగారా అన్నం వండుతాడట. తెడ్డుని ఆ చివర నుంచి ఈ చివర దాకా నిమిరి, ఆకులా వెడల్పుగా ఉన్న చివర మీద వేళ్లతో కొట్టి చూశాడు.

"మంచి కట్టె. గీ తెడ్డుతోని కలిపితే అడుగంటనే అంటదు. గంజు ఎంత పెద్దగుంటది మీది?"

"గంజు లేదండి. దీంతో పడవ నడుపుతాం."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "మంచి తెడ్డు ఖరాబ్ చేస్తున్రు," అని వెళ్లి కూర్చున్నాడు.

చివరికి తెడ్డుని సీట్ల మధ్య నడవలో పడుకోబెట్టాం. సంగారెడ్డి వచ్చేసరికి దాని మీదుగా దాటడం అందరికీ అలవాటైంది. జోగిపేటలో ఎక్కిన ఒకావిడ అయితే దాని వెడల్పు చివరని ఒళ్లోకి లాక్కుని, దాని మీదే పల్లీలు పోసుకుని ఒలవడం మొదలుపెట్టింది. దిగేటప్పుడు ఒక గుప్పెడు మా చేతుల్లో పోసింది, అద్దె కింద.

నారాయణఖేడ్

ఇక్కడివాళ్లు ఊరిని ఉత్త "ఖేడ్" అంటారు. బస్టాండు ఎదురుగా మెస్‌లో భోజనానికి కూర్చున్నాం. మా వైపు రొట్టె అంటే జ్వరమొచ్చినవాళ్లకి పెట్టేది. ఇక్కడ ముందు జొన్న రొట్టె వస్తుంది, అన్నం తర్వాత ఎప్పుడో మాటవరసకి వస్తుంది. రొట్టె పళ్లెం కంటే పెద్దది. దాంతో ముద్దపప్పు, పుంటికూర, పచ్చి మిరపకాయల తొక్కు. పుంటికూర అంటే మా గోంగూరే అని తెలిసి, పరాయి ఊళ్లో చుట్టం కనిపించినంత సంబరపడ్డాను. పక్క బల్ల మీదాయన ఉల్లిగడ్డని గుద్ది పగలగొట్టి నంజుకుంటున్నాడు. నేనూ గుద్దాను. ఉల్లిగడ్డ ఎగిరి నస్రీన్ మజ్జిగలో పడింది.

మెస్ నడిపే ఆవిడ నవ్వుతూ వచ్చి తనే ఒకటి గుద్ది ఇచ్చింది. "ఎక్కడికెళ్లి వచ్చిన్రు?"

"హైదరాబాద్ నుంచండి. చాలా బాగుందండి పప్పు. ఇంకొంచెం వేస్తారాండి?"

"ఏస్త గని, గా అండి అండి అనకు. నన్ను పరాయిదాన్ని చేసినట్టైతది. నీ పేరేంది?"

"శ్యామల."

"శ్యామలా, ఇంగో రొట్టె తిను."

ముప్పై ఎనిమిదేళ్లొచ్చాక ముక్కూమొహం తెలియని మనిషి నన్ను పేరుతో పిలిచి "తిను" అనడం అదే మొదటిసారి. ముందు చివుక్కుమంది. మూడో రొట్టెకి అలవాటైంది. నాలుగో రొట్టెకి ఇష్టమైంది. ఇద్దరికీ కలిపి నూట అరవై అయింది. మజ్జిగలో పడిన ఉల్లిగడ్డకి ఏమీ తీసుకోలేదు.

మధ్యాహ్నం జూనియర్ కాలేజీ మైదానంలో సెలక్షన్ క్యాంపు. ఇరవై మంది అమ్మాయిలొచ్చారు. నస్రీన్ ఒక బెంచీ మీద కూర్చుని, తెడ్డుని ఇంకో బెంచీ వీపుకి ఆనించి, గాలిలో పడవ నడిపి చూపించింది. వ్యాయామం చెప్పేది ఆమే కాబట్టి చేతులూ కాళ్లూ లెక్క తప్పకుండా కదులుతాయి. ఎర్ర రిబ్బన్ల అమ్మాయి ఒకతి చెయ్యెత్తింది.

"మ్యాడం, మీరు గటు దిక్కు మొఖం పెట్టి కూసున్నరు. పడవ ఎటు పోతది?"

"వెనక్కి," అన్నాను నేను.

"అంటే ఎటు పోతున్నమో మనకు కనపడదా?"

"కనపడదు. వెళ్లిపోయిన దారి కనపడుతుంది."

పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఇంత తెలివితక్కువ పనికి కాలేజీ ఎందుకని వాళ్ల అనుమానం. ఆ అమ్మాయే మళ్లీ అడిగింది. "ఈత రాకుంటే?"

నస్రీన్ బెంచీ మీంచి లేచి నా వైపు చెయ్యి చూపించింది. "ఈత రాకుంటే పడవ ముట్టనియ్యం. గీ మ్యాడమే టెస్టు పెడ్తది. యాభై మీటర్లు. ఒక్కొక్కళ్లను పిలిచి, చూసి, టిక్కు పెడ్తది. మస్తు స్ట్రిక్టు."

నేను స్ట్రిక్టుగా కనిపించేలా నిలబడ్డాను.

కంగ్టి దారిలో

మర్నాడు పొద్దున షేర్ ఆటో మాట్లాడుకున్నాం. ఆటోవాలాది మనూర్. తెడ్డు లోపల పట్టలేదు. పైన తాళ్లతో కట్టి, అది ముందుకూ వెనక్కూ పొడుచుకొస్తుంటే పోలీసులు ఆపుతారని చివర ఒక ఎర్ర గుడ్డ చుట్టాడు.

రోడ్డుకి రెండు పక్కలా పత్తి విచ్చుకుని ఉంది. మధ్యలో కంది చేలు. ఎక్కడా కాలవ లేదు. మా ఊళ్లో గుమ్మం దాటితే కాలవ, కాలవ దాటితే ఇంకో కాలవ. పొలమంటే ఒక నీళ్ల తడి ఉండాలని నా కంటికి అలవాటు. ఈ నేల మొత్తం వాన మీదే బతుకుతుందని ఆటోవాలా చెప్పాడు. "పడితె పంట, లేకుంటె పట్నం," అన్నాడు. చాలామంది పనుల కోసం వెళ్లిపోతారట.

మొదటి ఊరి దగ్గర ఒక ముసలాయన ఆటో ఆపాడు. చెప్పులు విడిచి, తెడ్డుకి దణ్ణం పెట్టాడు.

"ఏ జాతర బిడ్డా?"

నేను నోరు తెరిచేలోపే ఆటోవాలా, "కంగ్టి దిక్కు," అనేశాడు. ఆయన వెళ్లాక నేను, "అదేంటి, తప్పు కదా," అన్నాను.

"ఏం పోతది మ్యాడం? మొక్కనియ్యి. మీ తెడ్డుకు నష్టమా?"

రెండో ఊళ్లో ఒకామె చెంబుతో నీళ్లు పోసి, పసుపు రాసి, కుంకుమ పెట్టింది. ఇది పడవ నడిపే తెడ్డమ్మా అని ఈసారి నేనే విడమరిచి చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆగి, "అయితేంది, మంచిగ నడవాలె గద," అని రెండో వైపు కూడా బొట్టు పెట్టింది.

దారంతా నస్రీన్ సునీత నాన్న వేషం కట్టింది. "నా బిడ్డను నేను పంప!" అని గొంతు బొంగురు చేసి గద్దించేది. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని, హాస్టల్ ఉచితమని, మేమిద్దరం సొంత అక్కల్లా చూసుకుంటామని నేను నచ్చజెప్పాలి. నస్రీన్ ఎంతకీ ఒప్పుకోదు. కంగ్టి చేరేసరికి నిజంగానే గొడవపడ్డాం.

రూతమ్మ ఇల్లు

సునీత వాళ్లది రెండు గదుల ఇల్లు, ముందు రేకుల పందిరి. పందిరి కింద వాళ్ల నానమ్మ రూతమ్మ పెసలు చెరుగుతోంది. సన్నటి, పొడుగాటి మనిషి, నిటారుగా ఉంది. సునీత పొడుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెంటనే తెలిసింది. గోడ మీద చర్చి క్యాలెండరు, దాని పక్కన మా జట్టు ఫొటో. వెనక వరసలో నేను, కళ్లు మూసుకుని.

"వందనాలు బిడ్డా. రాండ్రి," అని లేచింది. అప్పుడు తెడ్డు చూసింది. ఒంటినిండా పసుపు, రెండు బొట్లు. చర్చికెళ్లేవాళ్ల ఇంటికి ఇలా పూజ చేయించుకుని వచ్చాం.

"దారిలో ఎవరో..." అని మొదలుపెట్టాను.

"ఉండనియ్యి. వాళ్లు గూడ మంచిగనే కోరుకున్నరు గద," అని తెడ్డుని నీడలో పెట్టించింది.

కబురందుకుని సునీత నాన్న దావీదు చేనులోంచి వచ్చాడు. చొక్కా అంతా పత్తి పింజలు. మేం మంచం అంచున కూర్చుని, గొంతు సవరించుకున్నాం. నేను ఉద్యోగం మాటెత్తబోయాను.

"తీస్కపోండ్రి," అన్నాడాయన.

"అంటే..."

"మేమేమన్న వద్దన్నమా? పడవ ఇరిగింది, బాగుచేస్తున్నరు, చేసినంక పిలుస్తరన్నది. ఇరవై దినాలైంది. ఏం పడవ అది, ఇంత లేటైతున్నది అని నేనే మీకు ఫోన్ చేద్దామనుకున్న. పనికి రమ్మంటే చేతులు నొస్తున్నయంటది. జర తీస్కపోండ్రి మ్యాడం, మీకు పుణ్యముంటది."

దారి పొడుగునా తయారు చేసిన వాదన అంతా గొంతులోనే ఉండిపోయింది. నస్రీన్ మెల్లిగా, "నేనే మంచిగ చేసిన గద నాన్నలెక్క," అని గొణిగింది.

సునీత లోపలి నుంచి తల వంచుకుని వచ్చింది. ఆ గుమ్మాలకి తల వంచకపోతే ఆమె పట్టదు. చేతిలో చాయ్ గ్లాసులు. మమ్మల్ని చూసి నవ్వలేదు.

"పడవ విరిగిందని చెప్పావా?" అన్నాను.

అవునన్నట్టు తల ఊపింది.

"పోటీలున్నాయి సునీతా. నువ్వు లేకపోతే పడవ కదలదు. నీతోపాటు ఇంకో ముగ్గురు..."

"నాకు ఈత రాదు మ్యాడం."

రూతమ్మ చెరగడం ఆపింది.

"అదేంటి? నీకు టెస్టు పెట్టాను కదా," అన్నాను. "టిక్కు కూడా ఉంది."

"నా పేరు పిలిచినప్పుడు మౌనిక దునికింది. తర్వాత దాని పేరు పిలిచినప్పుడు మల్ల అదే దునికింది. టోపీ, అద్దాలు పెడితే అందరం ఒక్కతీర్గనే ఉంటం. మీరు ఫోన్ల ఉన్నరు."

గుర్తొచ్చింది. ఆ రోజు మా ఇంటి ఓనరుతో నీళ్ల మోటారు గురించి గొడవ పడుతున్నాను. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో పెన్ను. నీళ్లలో ఎవరో ఒకరు ఈదుతూనే ఉన్నారు, నేను టిక్కులు పెడుతూనే ఉన్నాను.

"ఆ దినం పడవ తిరగవడ్డది సూడుండ్రి," అంది సునీత. "మోటర్ పడవల మీరందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. నా నోట్లె నీళ్లుండె మ్యాడం. తెడ్డు ఇడిస్తె సచ్చిపోతుంటి. గా దినం సంది నిద్రల గూడ నీళ్లే."

నిజమే, నేను నవ్వాను. ఫొటో కూడా తీసి జట్టు గ్రూపులో పెట్టాను. ఆ అమ్మాయి చాయ్ గ్లాసు నా చేతికిచ్చింది. అది ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. దావీదు నన్ను ఒక్క మాటంటే బాగుండును. ఆయన చొక్కా మీది పింజలు ఒక్కొక్కటే తీసుకుంటూ కూర్చున్నాడు.

"తప్పు నాది," అన్నాను.

పక్కనుంచి నస్రీన్ గొంతు సన్నగా వినిపించింది. "అక్కా, నాక్కూడ రాదు."

"ఏంటి రాదు?"

"ఈత."

"మూడేళ్లుగా మోటారు పడవలో తిరుగుతున్నావు కదా!"

"లైఫ్ జాకెట్ ఎప్పుడన్న ఇప్పిన్నా?"

"చలి అన్నావు!"

"మే నెలల చలి ఎవలకైతది అక్కా? నువ్వు నమ్మినవ్, నేనేం చెయ్యాలె?"

రూతమ్మ చాట కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వింది. తర్వాత దావీదు నవ్వాడు. చివరికి సునీత కూడా, ఇరవై రోజుల తర్వాత అట. నవ్వనిది నేనొక్కదాన్నే.

"ఇద్దరు మ్యాడంలు వచ్చిన్రు పడవ నేర్పెతందుకు," అంది రూతమ్మ కళ్లు తుడుచుకుని. "ఒకామె సూడదు, ఒకామెకు రాదు. రేపు పొద్దున బాయి కాడికి నడువుండ్రి."

బావి

బావి వాళ్ల పాలోళ్ల, అంటే దాయాదుల, చేనులో ఉంది. రాతి మెట్లు, ఇరవై అడుగుల లోతున ఆకుపచ్చ నీళ్లు. ఆ ఏడు వాన బాగా పడిందట. చుట్టుపక్కల మగవాళ్లని పంపేశారు. దావీదుని మాత్రం చేతిలో తాడు పట్టుకుని, అటు తిరిగి ఒడ్డున నిలబడమన్నారు. ఆయన మూడు నిమిషాలకోసారి వెనక్కి తిరగకుండానే, "ఎవలన్న మునిగిన్రా?" అనడిగేవాడు.

రూతమ్మ చీర గోచీ పోసి, మెట్ల మీంచి దబ్బున దూకింది. అరవై అయిదేళ్ల మనిషి. నీళ్లలోంచి తల బయటపెట్టి, "సల్లగున్నయ్," అంది.

ఇక నా వంతు. కోనసీమ పిల్లని, కాలవల్లో పెరిగినదాన్ని, కనీసం ఈ ఒక్క చోటైనా పరువు నిలబెట్టుకోవాలని ఠీవిగా మెట్లు దిగాను. ఆరో మెట్టు మీద పాచి ఉంది. నేను కూర్చున్న భంగిమలోనే నీళ్లలోకి వెళ్లాను. ట్రాక్ ప్యాంటు జేబులో ఫోను నాతోపాటే వచ్చింది.

"ఎవలన్న మునిగిన్రా?"

"ఫోను," అన్నాను.

సునీతకీ నస్రీన్‌కీ వీపుకి ఖాళీ నూనె డబ్బాలు కట్టారు. రూతమ్మ చిన్నప్పుడు ఎండిన సొరకాయ బుర్రలు కట్టేవాళ్లట. సునీతకి రెండు డబ్బాలు. నస్రీన్ బతిమాలి నాలుగు కట్టించుకుంది. మెట్టు మీద వణుకుతూ నిలబడిన ఆమె పక్కకి రూతమ్మ ఎక్కి వచ్చి, కళ్లు మూసుకుని, "ప్రభువా, గీ పట్నం బిడ్డ నీ చేతిల ఉన్నది," అని ప్రార్థన చేసింది. నస్రీన్ కూడా భక్తిగా కళ్లు మూసుకుంది. అప్పుడు తోసేసింది.

నాలుగు డబ్బాల మీద నస్రీన్ నీళ్లలో మునగలేదు సరికదా, సగం కూడా తడవలేదు. ఒడ్డున చేరిన ఆడవాళ్లు మాకు కోచింగ్ ఇవ్వడం మొదలుపెట్టారు. "కాళ్లు కొట్టు! కాళ్లు!" "గామె ఏడ మునుగుతది, మంచం లెక్క తేలుతున్నది!" మా తెడ్డు కూడా దిగింది. చెక్కది కాబట్టి తేలుతుంది. దానికి తాడు కట్టి నీళ్లలో వదిలితే సునీత అది పట్టుకుని కాళ్లు కొట్టింది. ఒక చివర నేను పట్టుకున్నాను. మొదటి రోజు ఆమె వేళ్లు తెల్లబడేలా పట్టుకుంది. నేను ఆమె మొహం మీంచి కళ్లు తిప్పలేదు.

రూతమ్మ అరవదు, పాఠం చెప్పదు. పక్కనే ఈదుతుంది, అంతే. పదిహేనేళ్లుగా నేను పిల్లలకి మోచెయ్యి ఎక్కడుండాలో, మెడ ఎక్కడుండాలో అరిచి అరిచి చెబుతున్నాను. ఆ బావిలో నోరు మూసుకుని ఉండటం నేర్చుకున్నాను.

మధ్యాహ్నం దావీదు ఫోను అడిగి సారుకి చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, ఓనరు మోటారుతో సహా. అంతా విని సారు అడిగారు.

"మిగతా పిల్లల సంగతి?"

"తెలీదు సార్. ఆ రోజు నేను ఎవరినీ సరిగ్గా చూడలేదు."

"అయితే ఈ రోజు నుంచి పడవలన్నీ షెడ్డులోనే."

"మరి పోటీలు సార్?"

"పోటీలు మళ్లీ వస్తాయమ్మా," అన్నారాయన. గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. "అక్కడ పని పూర్తి చేసుకుని రండి. నీ సంగతి వచ్చాక చూద్దాం."

ఒక రోజనుకున్నది అయిదు రోజులున్నాం. పొద్దున బావి, పగలు పత్తి చేను, సాయంత్రం మళ్లీ బావి. పత్తి ఏరడంలో నేను ఎంత పనికిమాలినదాన్నో ఊరంతా చూసింది. రూతమ్మ ఇంట్లో రోజూ జొన్న రొట్టె, మీద నువ్వుల పొడి. తినే ముందు ప్రార్థనలో ఆమె ప్రతిరోజూ నా ఫోను గురించి ఒక మాట అడిగేది. ఫోను మాత్రం లేవలేదు.

అయిదో రోజు పొద్దున సునీత తెడ్డు లేకుండా, డబ్బాలతోనే ఈ గోడ నుంచి ఆ గోడకి బయల్దేరింది. పక్కనే రూతమ్మ. సగం దూరంలో ముసలామె చెయ్యి సునీత వీపు మీదికి వెళ్లడం చూశాను. అవతలి గోడకి చేరి రాయి పట్టుకుని, రొప్పుతూ సునీత వీపు తడుముకుంది.

"అవ్వా, డబ్బాలేవి?"

బావి మధ్యలో రూతమ్మ రెండు చేతులూ పైకెత్తింది. చెరో చేతిలో ఒక డబ్బా.

"ఎవలన్న మునిగిన్రా?" అన్నాడు దావీదు.

ఎవరూ జవాబు చెప్పకపోయేసరికి పాపం కంగారుగా వెనక్కి తిరిగాడు. కూతురు డబ్బాల్లేకుండా తిరిగి ఈదుకుంటూ రావడం చూశాడు. తాడు చేతిలోంచి జారి బావిలో పడింది.

సునీత మెట్టు మీద కూర్చున్నాక, వస్తావా అని అడిగాను. తల తుడుచుకుంటూ ఆలోచించింది.

"వస్త. గని పేరు పిలిచినప్పుడు మొఖం సూసి టిక్కు పెట్టుండ్రి మ్యాడం."

వాళ్ల నాన్న ముందు, ఊరి ఆడవాళ్లందరి ముందు అంది. అనాలి కూడా.

తిరిగొచ్చాక

కొత్తగా టెస్టు పెట్టాం. నేను ఫోను లేకుండా, నీళ్లలో దిగి నిలబడి, ఒక్కొక్కళ్ల మొహం చూశాను. పదకొండు మందిలో నలుగురికి ఈత రాదు. మౌనిక ఆ సీజన్‌లో అయిదుగురి పేర్ల మీద ఈదిందని అప్పుడు తెలిసింది. ఆ పిల్ల అంత బలంగా ఎలా తయారైందో మాకెప్పుడూ అర్థం కాలేదు. సునీత తల పైకెత్తి, కప్పలా, వాళ్ల నానమ్మలాగే యాభై మీటర్లు ఈదింది. ఎంతసేపు పట్టిందంటే పూల్ కాపలాదారు వచ్చి గేటు మూసే వేళైందన్నాడు. నస్రీన్ ఇంకా ఒక డబ్బా దశలో ఉంది. మేనేజ్‌మెంట్ జట్టుని ఉంచింది, మా ఇద్దరి కాంట్రాక్టులని మాత్రం ఆరు నెలలకి కుదించింది. ఆ ఆరు నెలలూ నాకు పడవ ముట్టే పని లేదు. రోజూ తెల్లారే ఈత నేర్పాలి.

పోటీల రోజున నీళ్లలో మా పడవ వరస ఖాళీగా ఉంది. అయినా అందరం వెళ్లి గట్టు మీద కూర్చున్నాం. రూతమ్మ పంపిన రొట్టెలు విప్పాం. పక్కన ఇంకో కాలేజీ అసిస్టెంట్ కోచ్ కూర్చుని ఉంది, చేతిలో టీ కప్పు, ఒళ్లో పేర్ల జాబితా. రొట్టె ముక్క ఇస్తే తీసుకుంది. ఈసారి మీ పడవ ఎందుకు దిగలేదని మర్యాదగా అడిగింది. నేను చెప్పేలోపే సునీత అందుకుంది.

"మీ పిల్లలందరికి ఈత వచ్చా మ్యాడం?"

"ఎందుకు రాదూ?" ఆవిడ నవ్వింది. "అందరికీ టెస్టు పెట్టాంగా."

ఆవిడ కాసేపు నీళ్లకేసి చూసింది. తర్వాత ఒళ్లో ఉన్న జాబితా తీసి, పైనుంచి కింద దాకా ఒకసారి చదివింది. మళ్లీ ఒకసారి చదివింది. టీ సగంలోనే కింద పెట్టి లేచి, వాళ్ల పిల్లలు పడవ దించుతున్న వైపు గబగబా నడిచింది.